పాసుకి ఇబ్బందిగా ఉందండి

రిటైరైనవాళ్లు అనుభవాలు రాస్తే మొదట ఉద్యోగంలో చేరిన రోజు, మధ్యలో ప్రమోషన్లు, చివర సన్మానంలో కప్పిన శాలువా ఉంటాయి. నాకు ఆ మూడింటి మీదా పెద్ద మోజు లేదు. శాలువా బీరువాలో ఏ అరలో ఉందో కూడా గుర్తులేదు. మున్సిపాలిటీల్లో ఆడవాళ్ల సంఘాల పని చూసే ఉద్యోగం నాది. కాగితం మీద కమ్యూనిటీ ఆర్గనైజర్, జనం నోట్లో సంఘాల మేడమ్. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ల మధ్యే నా సర్వీసంతా గడిచిపోయింది. పేరు సుగుణ. పేరుకి తగ్గ గుణం లేదని మా ఆయన అంటారు. కోపం తొందరగా వస్తుంది నాకు.

మొన్నీమధ్య ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. ఇదే ఉద్యోగంలో కొత్తగా చేరింది, చదువుకున్న పిల్ల. ఈ ఊళ్లలో ఆడవాళ్ల ఉద్యమాల చరిత్ర రాసుకుంటున్నానని, నాయకురాలు ఎవరు, సభ ఎక్కడ జరిగింది, నినాదం ఏంటి అని అడిగింది. నా దగ్గర ఒక్కదానికీ సూటిగా జవాబు లేదు. సభలు జరగలేదని కాదు. సారా వద్దన్న రోజుల్లో మా అమ్మ వయసు ఆడవాళ్లు కొంగు బిగించి రోడ్డు మీద కూర్చోవడం నేనూ చూశాను. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది వేరే. మతం, కులం, ఇంట్లో మాట్లాడే భాష, పుట్టిన ఊరు, ఏదీ కలవని ఆడవాళ్లు ఒక పని కోసం ఎట్లా కలుస్తారు, మధ్యలో మాలాంటి ఉద్యోగులం దాన్ని ఎంతవరకు పాడు చేస్తాం అన్నది. ఆ అమ్మాయికి టీ ఇచ్చి ఒక మార్కెట్టు సంగతి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. మార్కెట్టు ఈ మూడు ఊళ్లలో ఒకదానిది. ఏ ఊరో రాయను. అప్పటి ఆఫీసర్ల పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, వాళ్ల చేత తిట్లు తినే ఓపిక నాకు లేదు.

కుర్చీల సంగతి

అసలు విషయానికి ముందు ఒక చిన్న ముక్క. రేపల్లెలో నేను పెట్టిన మొదటి మీటింగుకి షామియానా వేయించి అద్దె కుర్చీలు తెప్పించాను. ఆడవాళ్లకి గౌరవం ఇవ్వాలని నా తాపత్రయం. రైతుల ఇళ్లనుంచి వచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. చేనేత ఇళ్లవాళ్లు వాళ్ల వెనక. బుర్ఖాల్లో వచ్చినవాళ్లు ఒక పక్కన. చేపలమ్మేవాళ్లు మాత్రం కుర్చీలు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నారు. కూర్చోండమ్మా అని రెండు మూడుసార్లు అన్నాను, పర్లేదండి అన్నారు. చివరికి నాకు విసుగొచ్చి కాస్త గట్టిగానే అంటే, వాళ్లలో ఒకామె దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. మేం కూర్చుంటే తర్వాత ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరండి, అద్దెకిచ్చినాయన మిమ్మల్ని అంటాడు అని.

తర్వాత నేను ఏ మీటింగుకీ కుర్చీలు తెప్పించలేదు. పెద్ద బరకం ఒకటి పరిచేదాన్ని. బరకం మీద కూడా ఎవరి మూల వాళ్లే చూసుకుంటారు. కానీ టీలు వచ్చే వేళకి ఒకరి పిల్ల ఇంకొకరి ఒళ్లోకి పాకుతుంది, అంచులు కలుస్తాయి. కొత్తగా వచ్చే అమ్మాయిలకి నేను చెప్పేదొకటే. కలిసి కూర్చోండి అని ఉపన్యాసం ఇస్తే ఎవరూ కలవరు. విడిగా కూర్చోవడానికి వీలిచ్చే వస్తువుని ముందు అక్కణ్ణుంచి తీసేయాలి.

చుక్క నీళ్లు తాగని మార్కెట్టు

ఇక మార్కెట్టు. నడివేసవిలో ఒక మధ్యాహ్నం అక్కడి ఆడవాళ్లతో మాట్లాడదామని వెళ్లాను. ఎండకి జాలిపడి చల్లటి నీళ్ల బిందె, స్టీలు గ్లాసులు పట్టించుకెళ్లాను. ఒక్కరంటే ఒక్కరు ముట్టుకోలేదు. నా గ్లాసులు పనికిరాలేదా, ఎవరు తాగిన గ్లాసులో ఎవరు తాగాలన్న పట్టింపా అని లోపల మండిపోయింది. చేపల కాశమ్మ నా ముఖం చూసి నవ్వింది.

"మీ గ్లాసుల్లో ఏ దోషం లేదు మేడమ్‌గారూ. తాగితే ఎట్టాగండి? మళ్లీ పోవాలిగా?"

అప్పటికి ఆ మార్కెట్లో ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేదు. మగవాళ్లకి మాత్రం ఏం కట్టారని అడగకండి, మగవాడికి ఈ దేశంలో ప్రతి గోడా పనికొస్తుంది. రైల్వే స్టేషనుకి వెళ్లొచ్చు, కానీ దూరం. వెళ్లొచ్చేలోపు కాకులో, కుక్కలో, పక్క మనిషో సరుకు మీద పడతారు. అందుకని తెల్లవారుజామున ఇంట్లో ఒక గ్లాసు తాగితే మళ్లీ సాయంత్రం ఇంటికెళ్లాకే. ఇది వాళ్లకి ఎవరూ నేర్పలేదు. అమ్మని చూసి కూతురు, అత్తని చూసి కోడలు అలవాటు చేసుకున్నారు.

అందరి పరిస్థితీ ఒకటి కాదు, అక్కడే ఉంది తిరకాసు. పిట్టలవానిపాలెం నుంచి పెరుగు తెచ్చే అన్నపూర్ణమ్మది ఒకప్పుడు బాగా బతికిన రైతు కుటుంబం. మార్కెట్టు పక్కనే నెయ్యి కొట్టు ఆయన ఆవిడకి వరసకి అన్న, వాళ్ల పెరడు ఈవిడకి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చీరాల చీరలు మూటగట్టి తెచ్చే ఆమె బట్టలషాపు వాళ్ల ఇంటికి వెళ్తుంది. పూలమ్మే మస్తాన్‌బీకి వెనక సందులో పినతల్లి కూతురి ఇల్లుంది. వీళ్లు కూడా మొహమాటానికి రోజుకి ఒకసారికి మించి వెళ్లరు, అందుకే నీళ్లకి జంకుతారు. అసలు ఏ తలుపూ లేనిది ఇద్దరికి. ఒకరు అడవులదీవి నుంచి మొదటి బస్సుకి గంప ఎక్కించుకుని వచ్చే కాశమ్మ, ఆమె దగ్గర చేపల వాసన. రెండోది చీపుర్లు, చేటలు అమ్మే సుబ్బులు. ఆమెది స్టూవర్టుపురం, ఆ పేరు చెప్పగానే జనం చేతిసంచీ ఇటు పక్కకి మార్చుకుంటారు. ఊరి పేరుని బట్టి మనిషికి విలువ కట్టే ఈ జబ్బు చదువుకున్నవాళ్లలో ఇంకా ఎక్కువ. మార్కెట్లో ఎవరైనా పక్కకి వెళ్లాల్సి వస్తే గంప చూస్తూ ఉండమని పక్కవాళ్లకి చెప్పి వెళ్తారు. సుబ్బులుకి చెప్పేది ఒక్క కాశమ్మే.

తలుపున్నవాళ్లు నా మీటింగులకి రాలేదు. రావాల్సిన అవసరం వాళ్లకి కనిపించలేదు.

ఒక రోజు కాశమ్మ చేప కోస్తూ కోస్తూ కత్తిపీట మీదికి ఒరిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మళ్లీ మళ్లీ వచ్చే ఇన్‌ఫెక్షను కిడ్నీల దాకా పాకిందని, గంటగంటకీ నీళ్లు తాగాలని, ఒక్క పూట కూడా బిగబట్టుకోకూడదని, అది కుదరకపోతే మార్కెట్టుకి వెళ్లడమే మానేయాలని ఆవిడ కాస్త కోపంగానే చెప్పింది. కాశమ్మ అంతా విని మందులచీటీ వైపు చూపించింది.

"నీళ్లు తాగమంటే తాగుతానండి. తాగినాక ఎక్కడికి పోవాలో కూడా దాంట్లో రాసివ్వండి."

కాశమ్మ భర్త నడుముకి దెబ్బ తగిలి సముద్రంలోకి వెళ్లడం మానేశాడు. ఆ ఇల్లు నడిచేది ఈ గంప మీదే. మార్కెట్లో కూర్చునే చోటు కూడా అత్తగారి నుంచి ఈమెకి వచ్చింది. వదిలేస్తే మర్నాడే ఇంకొకరు బరకం పరుస్తారు, మళ్లీ దొరకదు. కిడ్నీ కావాలా, గంప కావాలా అన్నట్టు అయిపోయింది ఆమె బతుకు.

మస్తాన్‌బీ

మస్తాన్‌బీ అప్పటికే పెద్దావిడ. తల మీద ముసుగు చెదరనివ్వదు, గొంతు ఎత్తదు. కనకాంబరాలు మూర వేసేటప్పుడు చెయ్యి కాస్త ఎక్కువే చాపుతుంది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. ఆవిడ ముందు మోటు మాట అనడానికి కూరగాయల కుర్రాళ్లు కూడా జంకేవాళ్లు.

కాశమ్మ డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారంలో మస్తాన్‌బీ ఆమెని చెయ్యి పట్టుకుని వెనక సందులోని చెల్లెలి ఇంటికి తీసుకెళ్లింది. చెల్లెలు తలుపు తీసింది, కాదనలేదు. మర్నాడు మస్తాన్‌బీ వెళ్లినప్పుడు మాత్రం, నువ్వు రా అక్కా, ఆమెని తీసుకురాకు, ఇల్లంతా చేపల కంపు కొడుతోంది అంది. మస్తాన్‌బీ గొడవ పడలేదు. ఆ ఇంటికి వెళ్లడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు కూడా. మధ్యాహ్నాలు ముఖం పీక్కుపోయి కూర్చుంటుంటే నేనే గట్టిగా అడిగి రాబట్టాను. ఆవిడకి షుగరు. మీ వయసేంటి, మీ జబ్బేంటి, ఈ మొండితనమేంటి అని తిట్టాను. నా తిట్లన్నీ అయ్యేదాకా ఆగింది.

"ఆ తలుపు తీసి ఉన్నన్నాళ్లూ నేను మీ మీటింగులకి రాలేదు సుగుణమ్మా. నాకేం అవసరంలే అనుకున్నా. ఇప్పుడు వస్తా."

వచ్చింది. ఆవిడ వచ్చిందని చీరల ఆమె వచ్చింది, ఆకుకూరలవాళ్లు వచ్చారు. పెరుగు అన్నపూర్ణమ్మ రాలేదు. చివరిదాకా రాలేదు. మీటింగు రోజు మాత్రం ఒక మజ్జిగ కుండ పంపేది, దాన్నీ ఎవరూ తాగేవాళ్లు కాదు. ఆవిడ మీద నాకు కోపం లేదు. అన్న పెరట్లోకి వెళ్లే మనిషి అన్న కొట్టు ముందు ధర్నా చేయగలదా? ఉద్యమం అంటే అందరూ వచ్చేయాలని అనుకోకండి, రాలేనివాళ్లు ఉంటారు. వాళ్లని శత్రువులుగా చూస్తే రేపు మీకే నష్టం.

అర్జీ

అర్జీ ఇద్దామన్నారు. ఆఫీసు ముందు చెట్టు కింద అర్జీలు రాసే పెద్దాయన ఉన్నాడు. సంగతంతా విని, మార్కెట్టు నందు మహిళా వ్యాపారులకు కనీస వసతులు కల్పించవలసిందిగా ప్రార్థన అని చక్కటి దస్తూరీతో రాశాడు. ఉన్న మాట సూటిగా రాయొచ్చు కదా అన్నాను. ఆడవాళ్ల అర్జీలో అటువంటి మాట బాగుండదమ్మా, చదివేవాళ్లకి అర్థమవుతుందిలే అన్నాడు. సరే, కాగితంలో లేకపోతే నోటితో చెబుదాం అనుకుని, మరుగుదొడ్డి అనే మాట మస్తాన్‌బీ చేత మార్కెట్లో పలికించాను. మా మధ్య బాగానే అంది.

వెళ్లే రోజు ఇంకో చిక్కొచ్చింది. అందరూ వస్తే సరుకు ఎవరు చూస్తారు? సుబ్బులు తన చీపుర్లు సర్దుకుంటూ తల ఎత్తలేదు. అప్పుడు మస్తాన్‌బీ లేచి, పూలబుట్ట తెచ్చి సుబ్బులు ముందు పెట్టి, నీళ్లు చల్లుతూ ఉండమ్మా, వాడిపోతాయి అంది. ఆ వెనకే చేపల గంప, ఆకుకూరలు, చీరల మూట అన్నీ వచ్చి అక్కడ చేరాయి. స్టూవర్టుపురం మనిషి చేతుల్లో మార్కెట్టంతా పెట్టి మేం ఆఫీసుకి వెళ్లాం. అర్జీ సంగతి ఏమైనా కానీ, ఆ రోజు జరిగిన పెద్ద పని ఇదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

డివిజనుకి కొత్తగా వచ్చిన పెద్ద అధికారి ఉత్తరాది కుర్రాడు. మంచివాడు. పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నాడు. పక్కన ఎవరూ చెప్పక్కర్లేకుండా జనంతో తానే మాట్లాడాలని ఆయన పంతం. అర్జీలు తీసుకునే హాల్లో గుమాస్తాలు, పోలీసులు, పార్టీల మనుషులు, ఫోటోలు తీసే ఆయన, అందరూ మగవాళ్లే. మస్తాన్‌బీ వాళ్లందరినీ ఒకసారి చూసింది. మేం నేర్పిన మాట గొంతులోనే ఉండిపోయింది.

"బాబూ, మార్కెట్లో ఆడాళ్లకి పాసుకి చాలా ఇబ్బందిగా ఉందండి," అంది.

మా వైపు తెలియనివాళ్లకి చెప్పాలి. పాసుకి వెళ్లడం అంటే ఒంటికి వెళ్లడం. బళ్లో పిల్లలు చిటికెనవేలు చూపించి అడిగేది దీనికే. ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు కానీ, నలుగురిలో ఆడవాళ్లు సిగ్గుపడకుండా అనగలిగిన మాట అదొక్కటే. కుర్రాడు నేర్చుకున్న తెలుగులో ఆ అర్థం లేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"పాస్! అర్థమైంది. మీరు దూరం నుంచి వస్తారు కదా?"

"అవునండి. దూరం నుంచి వచ్చేవాళ్లకే మరీ కష్టం బాబూ."

"రోజూ కావాలి?"

"రోజూ కావాలండి."

"సరే. నెలకి ఒకటి ఇప్పిస్తాను."

మస్తాన్‌బీ నోరు తెరిచింది. "నెలకి ఒకటా బాబూ?"

"అవునమ్మా. నెల మొత్తానికి ఒకటే సరిపోతుంది," అన్నాడు, ఎంతో దయగా. గుమాస్తా రాసుకున్నాడు. నేను ముందుకి అడుగేయబోతే మా సార్ ప్రకాశరావు గారు నా చెయ్యి గుంజారు. అప్పటికే తర్వాతి అర్జీ వాళ్లు వచ్చేశారు.

బయటికొచ్చాక ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. నెలకి ఒకసారంట, మనం ఇన్నాళ్లూ ఎక్కువ అడుగుతున్నాం అని చీరల ఆమె అంటే మెట్ల మీద కూలబడి మరీ నవ్వారు. కాశమ్మ కూడా నవ్వుతూ నవ్వుతూ పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని వంగిపోయింది. నొప్పి. దాంతో అందరి నవ్వూ ఆగింది.

మా ప్రకాశరావు గారు

పైవాళ్ల గురించి చెడుగా రాయడం సులువు. ప్రకాశరావు గారి గురించి నేను అట్లా రాయలేను. మెత్తటి మనిషి, ఎవరినీ నొప్పించరు. ఆ మెత్తదనమే మా ప్రాణాల మీదికి వచ్చేది. సార్, ఆయన తప్పుగా అర్థం చేసుకున్నారు, మీరు వెళ్లి చెప్పండి అన్నాను.

"ఆయన సంతోషంగా ఉన్నారమ్మా. సంతోషంగా ఉన్న ఆఫీసర్ని మనమెందుకు కదపడం? బస్సు పాసులు తీసుకోండి, పోయేదేముంది? తర్వాత మెల్లగా ఇంకో అర్జీ పెడదాం," అన్నారు.

నేనే వెళ్తానంటే, కింది ఉద్యోగులు తనని దాటి పైకి వెళ్తే బాగుండదని ఆపారు. రెండు వారాలు ఆయన బల్ల ముందు నిలబడి వాదించాను. ప్రతిసారీ మంచినీళ్లు తెప్పించి ఇచ్చారు. ఈ ఉద్యోగంలో మీకు దుర్మార్గులు తక్కువ తగులుతారు, ఇట్లాంటి మంచివాళ్లు ఎక్కువ తగులుతారు. దుర్మార్గుడితో పోట్లాడవచ్చు. మంచివాడితో పోట్లాడితే మనమే గయ్యాళులమవుతాం. అయినా సరే, పోట్లాడాలి. లోపల ఎక్కడో ఆయనకీ తెలుసు. ఏదో ఒక రోజు అది బయటపడుతుంది.

ఈలోగా కాశమ్మని మళ్లీ ఆసుపత్రిలో పడుకోబెట్టారు. తిరిగొచ్చాక, ఈ వారంతో చోటు వదిలేస్తానండి, మా ఆడపడుచుకి చెప్పాను, ఆమె వచ్చి కూర్చుంటుంది అంది. ఆ ఆడపడుచు మాత్రం ఎన్నాళ్లు నీళ్లు తాగకుండా కూర్చుంటుందని ఎవరమూ అడగలేదు. అదే వారం మార్కెట్లో బస్సు పాసుల క్యాంపు పెడుతున్నారని కబురొచ్చింది.

క్యాంపు

మార్కెట్టు గేటు దగ్గర బల్లలు వేశారు. డిపో నుంచి ఇద్దరు వచ్చారు. పెద్ద అధికారి తానే వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు, దరఖాస్తులు తన చేత్తో నింపుతానన్నాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని ఆ కుర్రాడి ముఖంలో ఎంత ఆనందమో. ఆయన్ని చూస్తే నాకు కోపం రాలేదు, జాలేసింది. ఊళ్లో మగవాళ్లందరూ చోద్యం చూడటానికి చేరారు. ఆడవాళ్లు ఎవరూ కదల్లేదు.

మస్తాన్‌బీ లేచింది. ఆవిడ ఇల్లు ఊళ్లోనే, ఆ చివర. రోజూ నడిచే వస్తుంది. జీవితంలో ఆవిడ బస్సెక్కేది ఏ పెళ్లికో, చావుకో. తిన్నగా వెళ్లి బల్ల ముందు నిలబడింది. పేరడిగాడు, చెప్పింది. ఊరడిగాడు, చెప్పింది.

"ఎక్కడికి వెళ్లాలమ్మా?"

"ఉచ్చ పోసుకోవడానికి, నాయనా."

ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. ముసుగు కూడా ఎప్పటిలాగే ఉంది. కుర్రాడికి ఆ మాట కూడా తెలియదు. కలం అట్లాగే పట్టుకుని ప్రకాశరావు గారి వైపు తిరిగి, ఏ ఊరు అది, అని అడిగాడు.

ప్రకాశరావు గారికి చెమటలు పట్టాయి. సార్, అంటే కనీస వసతులు అని మొదలుపెట్టారు. ఆగిపోయారు. మస్తాన్‌బీ ఆయన్నే చూస్తోంది. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"ఊరు కాదు సార్. ఆవిడ మరుగుదొడ్డి అడుగుతోంది. ఆ రోజు కూడా బస్సు పాసు అడగలేదు సార్. నాకు తెలుసు. నేను మీకు చెప్పలేదు."

కుర్రాడు కలానికి మూత పెట్టాడు. మస్తాన్‌బీ ఇక ఆగలేదు. చెయ్యి చాపి కాశమ్మని చూపించింది.

"అదిగో ఆమె. చీకటితో అడవులదీవిలో బయల్దేరి సాయంత్రం దాకా చుక్క నీళ్లు ముట్టదు. ముడితే పోసుకునే చోటు లేదు. మూత్రపిండాలు పాడైపోయినాయి. ఈ వారంతో మానేస్తోంది. ఆమెకి మీరు పాసిస్తే ఎక్కడికి పోద్ది బాబూ?"

కాశమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చోద్యం చూడ్డానికొచ్చిన మగవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. కుర్రాడు లేచి, ఇప్పుడు మీరంతా ఎక్కడికి వెళ్తున్నారో చూపించండి అన్నాడు. చూపించడానికి ఏముంది? మస్తాన్‌బీ ఆయన్ని వెంటబెట్టుకుని మార్కెట్టంతా తిప్పింది. ఆ పూటే మున్సిపల్ ఆఫీసులో సిబ్బంది మరుగుదొడ్డి తాళంచెవి ఆడవాళ్లకి ఇవ్వమన్నాడు. అదీ దూరమే, రోజుకి ఒకసారి వెళ్లడం గగనం. కాశమ్మని మాత్రం దగ్గరికి పిలిచి, చోటు వదలొద్దమ్మా, కట్టించి ఇస్తాను అన్నాడు. ఆమె ఆడపడుచుకి సర్దిచెప్పుకుంది. వదల్లేదు.

మొదట ఎవరు

కట్టడం అంత సులువుగా ఏమీ కాలేదు. కొట్లవాళ్లంతా నా కొట్టు వెనక వద్దంటే నా కొట్టు వెనక వద్దన్నారు. నెయ్యి కొట్టు ఆయన, అంటే అన్నపూర్ణమ్మ అన్న, ఏకంగా కౌన్సిలరు దగ్గరికి పోయాడు. చివరికి సుబ్బులే, నా పక్కన కట్టుకోండి, చీపుర్లకి వాసన పట్టదు అంది. అక్కడే కట్టారు. ఎవరి తర్వాత ఎవరు వెళ్లాలని గుసగుసలు కూడా బయల్దేరాయి. నేను బాగా గొంతు చించుకుని తిట్టాక తగ్గాయి. పోయాయని అనను.

పూర్తయ్యేసరికి కుర్రాడికి బదిలీ అయింది. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లని పిలుద్దామని ప్రకాశరావు గారు తిరిగితే, మరుగుదొడ్డికి రిబ్బను కత్తిరించడానికి ఒక్కరూ రాలేదు. అందరికీ అదే రోజు వేరే పనులున్నాయట. అదీ ఒకందుకు మంచిదే అయింది. ఆయన, నేను, మార్కెట్టు ఆడవాళ్లు, అంతే. మూలగా అన్నపూర్ణమ్మ కూడా నిలబడింది. లోపల కొళాయిలో నీళ్లు వస్తున్నాయి, తలుపుకి కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. కాశమ్మని ముందుకి తోసి, నువ్వే మొదట వెళ్లాలి అన్నారు. ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది. సిగ్గుపడుతోందేమో అనుకుని ప్రకాశరావు గారు గబగబా అటు తిరిగి నిలబడ్డారు. కాశమ్మ వెనక్కి వచ్చింది.

"నాకు రావట్లేదండి."

సరే, మస్తాన్‌బీ వెళ్లు అన్నారు. ఆవిడా తల అడ్డంగా ఊపింది. చీరల ఆమెని అడిగారు. సుబ్బులుని అడిగారు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరికీ రావట్లేదు. నాకు మొదట అర్థం కాలేదు. ఇంత పోరాడి, ఇన్నాళ్లు ఏడ్చి, తీరా తలుపు తెరిచాక ఇదేం విడ్డూరం అని నోటిదాకా వచ్చింది.

"పొద్దున్నుంచీ ఎవరం తాగలేదు కదండీ," అంది కాశమ్మ.

నాకు ఏడుపు ఆగలేదు. ఎవరు చూసినా చూడనీ అనుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. సుబ్బులు వెళ్లి కొళాయి దగ్గర బిందె నింపుకొచ్చింది. ఒకటే గ్లాసు ఉంది. కాశమ్మ ఎత్తిపట్టి గటగటా తాగింది. మళ్లీ ముంచుకుంది. మస్తాన్‌బీ తాగింది, చీరల ఆమె తాగింది, గ్లాసు అందరి చేతుల్లోనూ తిరిగింది. తిరిగి తిరిగి అన్నపూర్ణమ్మ దాకా వచ్చింది. ఆవిడ దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు చూసి, తాగింది. తర్వాత అందరూ ఆ గుమ్మం ముందు మెట్ల మీద, నేల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. బేరాలకొచ్చినవాళ్లు చేపలెవరివమ్మా, పూలెవరివమ్మా అని అరుస్తున్నా ఎవరూ లేవలేదు.

చాలాసేపటికి కాశమ్మ లేచింది. చెంగు నడుముకి దోపుకుని లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. మస్తాన్‌బీ ఇంకో గ్లాసు ముంచుకుని, తర్వాత నేనే అంది.